పటం 12కు ముందు ఇంకొకటి వస్తే: పెద్ద నివేదికల్లో బొమ్మలు, పట్టికల నంబర్ల కథ

ఎంటెక్ థీసిస్ అయినా, సాగునీటి ప్రాజెక్టు డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) అయినా చివరి వారంలో తప్పకుండా వచ్చే గొడవ ఒకటుంది. గైడు గారో, పై ఇంజినీరో పేజీలు తిరగేసి “ఇక్కడ కాలువ అడ్డుకోత బొమ్మ ఒకటి పెట్టండి, బాగుంటుంది” అంటారు. బొమ్మ పెట్టడం రెండు నిమిషాల పని. దాని వెనకాల వచ్చే నంబర్ల పనే రాత్రంతా కూర్చోబెడుతుంది.

లెక్క వేసి చూద్దాం. నివేదికలో మొత్తం 84 పటాలు ఉన్నాయి, కొత్త పటం 11వ దాని తర్వాత వస్తోంది అనుకోండి. పాత 12 నుంచి 84 వరకు 73 పటాల కింద నంబరు మారాలి. ఒక్కో పటం గురించి పాఠంలో సగటున రెండుసార్లు ప్రస్తావన ఉంటే అవి 146. ముందు పేజీల్లోని పటాల జాబితాలో ఇంకో 73. అంటే ఒక్క బొమ్మ చేర్చినందుకు 292 చోట్ల దిద్దుబాటు. అందులో ఒక్కటి తప్పినా చదివేవాడు వేరే బొమ్మ చూసి వేరే అర్థం చేసుకుంటాడు.

“ఫైండ్ అండ్ రీప్లేస్ ఉంది కదా” అని చాలామంది అంటారు. ‘పటం 12’ను ‘పటం 13’గా మార్చగానే పత్రంలో రెండు రకాల 13లు తయారవుతాయి: కొత్తగా 13 అయినవి, ముందు నుంచే 13గా ఉన్నవి. ఆ తర్వాత 13ను 14 చేస్తే రెండూ కలిసి 14 అవుతాయి. ఇలా చివరికి అన్నీ ఒకే నంబరులోకి వచ్చి పడతాయి. దీన్ని తప్పించాలంటే చివరి నుంచి రావాలి: ముందు 84ను 85, తర్వాత 83ను 84, అలా వెనక్కి. అప్పుడైనా ‘పటం 1’ అని వెతికితే ‘పటం 15’లోని మొదటి భాగం కూడా దొరుకుతుంది. ‘పటాలు 12, 14’ అనీ, ‘పటం 20-23’ అనీ రాసిన చోట్లు అసలు దొరకవు.

ఈ గొడవ తప్పించడానికే ఆటోమేటిక్ నంబరింగ్ వచ్చింది. అయితే అది వాడినవాళ్లు కూడా నంబర్లు మారలేదనీ, ప్రశ్నార్థకాలు వచ్చాయనీ, లోపం సందేశాలు వచ్చాయనీ తల పట్టుకోవడం రోజూ చూసేదే. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ఆ సందేశాల్లో చాలావాటికి అర్థం దానంతటదే దొరుకుతుంది.

పేరు వేరు, వరసలో స్థానం వేరు

రేషన్ షాపు ముందు క్యూలో నిలబడ్డ మనిషి పేరు మారదు. ఎవరైనా మధ్యలో దూరితే వరసలో అతని స్థానం మాత్రం మారుతుంది. పటం నంబరు ఆ స్థానం లాంటిది. మనం చేత్తో ‘పటం 12’ అని రాసినప్పుడు స్థానాన్నే పేరుగా వాడేస్తున్నాం. సాఫ్ట్‌వేర్ ఈ రెంటినీ విడదీస్తుంది. ప్రతి పటానికీ కనిపించని, మారని పేరు ఒకటి ఇస్తుంది. పాఠంలో ప్రస్తావించిన చోట ఆ పేరునే దాచుకుంటుంది. పేజీ తయారయ్యే సమయంలో ఎన్నోదో లెక్కపెట్టి, వచ్చిన అంకెను రెండు చోట్లా వేస్తుంది.

ఇందులో నాలుగు భాగాలున్నాయి. బొమ్మ కిందో, పట్టిక పైనో ఉండే వివరణ వాక్యం క్యాప్షన్. ఇప్పటిదాకా ఎన్ని వచ్చాయో లెక్కపెట్టేది కౌంటర్. పటాలకు ఒకటి, పట్టికలకు ఇంకొకటి విడివిడిగా ఉంటాయి, అందుకే పటం 5 పక్కనే పట్టిక 2 ఉండొచ్చు. పాఠంలో వచ్చే ప్రస్తావన క్రాస్ రెఫరెన్స్. క్యాప్షన్లన్నీ పేజీ నంబర్లతో ఏరి ముందు పెట్టేది పటాల జాబితా. వీటిని ఒకదానితో ఒకటి కలిపేది ఆ దాచిన పేరు.

ఒక చిన్న చిక్కు ముందే చెప్పాలి. ఆదేశాలు రాసి పత్రం తయారుచేసే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘లేబెల్’ అంటే ఈ దాచిన పేరు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ‘లేబెల్’ అంటే నంబరు ముందు కనిపించే ‘ఫిగర్’, ‘టేబుల్’ అనే మాట. ఒకటి వాడినవాళ్లు రెండోదాని గురించి చదువుతూ తికమకపడటానికి సగం కారణం ఇదే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో బ్రయాన్ రీడ్ పీహెచ్‌డీ కోసం తయారుచేసిన స్క్రైబ్ అనే వ్యవస్థలో 1980 నాటికే ఆటోమేటిక్ నంబర్లు, క్రాస్ రెఫరెన్సులు ఉన్నాయి. డొనాల్డ్ నూత్ చేసిన టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రాము మీద లెస్లీ లాంపోర్ట్ 1980ల మొదట్లో లేటెక్ కట్టినప్పుడు స్క్రైబ్ ప్రభావం దానిమీద బాగానే పడింది. రాసేవాడు విషయం చూసుకోవాలి, లెక్క యంత్రం చూసుకోవాలి అన్నదే వాళ్ల పట్టుదల.

వర్డ్: నంబరులా కనిపించేది నిజానికి ఒక ఆదేశం

వర్డ్‌లో రెఫరెన్సెస్ ట్యాబులోని ఇన్సర్ట్ క్యాప్షన్ నొక్కితే ‘ఫిగర్ 12’ అని పడుతుంది. ఆ 12 మామూలు అక్షరం కాదు. దాని వెనకాల సీక్వెన్స్ ఫీల్డ్ అనే చిన్న ఆదేశం ఉంటుంది: “ఫిగర్ అనే పేరుతో ఇప్పటిదాకా వచ్చినవి లెక్కపెట్టి, తర్వాతి అంకె ఇక్కడ చూపించు” అని దానర్థం. ఆల్ట్ ఎఫ్9 నొక్కితే అంకెలు మాయమై ఆ ఆదేశాలే తెరమీద కనిపిస్తాయి. మీ పత్రంలో ఏ నంబరు ఆటోమేటిక్‌గా వచ్చింది, ఏది ఎవరో చేత్తో కొట్టారు అన్నది తేల్చుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

పాఠంలో క్రాస్ రెఫరెన్స్ పెట్టినప్పుడు వర్డ్ మనకు చెప్పకుండా ఇంకో పని చేస్తుంది. ఆ క్యాప్షన్‌లోని ‘ఫిగర్ 12’ భాగం చుట్టూ దాచిన బుక్‌మార్కు ఒకటి పెట్టి, దానికి పొడవైన అంకెల పేరు ఇస్తుంది. పాఠంలో పడేది “ఆ బుక్‌మార్కు లోపల ఏముందో తెచ్చి ఇక్కడ చూపించు” అనే ఇంకో ఫీల్డ్. పైన చెప్పిన ‘మారని పేరు’ వర్డ్‌లో ఈ బుక్‌మార్కే.

ఇక అందరినీ ఇబ్బంది పెట్టే ప్రశ్న: బొమ్మ చేర్చాక నంబర్లు ఎందుకు మారలేదు? ఫీల్డు తనంతట తాను ఎప్పటికప్పుడు లెక్క వేయదు. చివరిసారి వచ్చిన జవాబును గుర్తుపెట్టుకుని అదే చూపిస్తూ ఉంటుంది. పత్రం మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్9 కొడితేనో, ప్రింటుకు ముందు అప్‌డేట్ చేయమనే ఆప్షన్ పెట్టుకుంటేనో మళ్లీ లెక్క వేస్తుంది.

ఇందులో ఒక మినహాయింపు ఉంది, అసలు ప్రమాదం అక్కడే. ఇన్సర్ట్ క్యాప్షన్ ద్వారా మధ్యలో కొత్త క్యాప్షన్ చేరిస్తే దాని తర్వాతి క్యాప్షన్ నంబర్లను వర్డ్ అప్పటికప్పుడే సరిచేస్తుంది. పాఠంలోని రెఫరెన్సులను మాత్రం ముట్టుకోదు. అంటే బొమ్మ కింద ‘ఫిగర్ 13’ అని మారిపోయింది, పాఠం ఇంకా ‘ఫిగర్ 12’ అంటోంది. లోపం సందేశం ఏదీ రాదు. 12 అనే పటం నిజంగానే ఉంది కాబట్టి చూసేవాడికి అనుమానమూ రాదు. క్యాప్షన్ తీసేసినా, చోటు మార్చినా మాత్రం క్యాప్షన్లు కూడా ఎఫ్9 దాకా ఆగుతాయి. సగం పని వెంటనే జరిగి, సగం జరగకపోవడమే జనాన్ని “వర్డ్ తనకిష్టమొచ్చినట్టు చేస్తుంది” అనుకునేలా చేస్తుంది. నా మటుకు నాకు అసలు మారకపోవడం కంటే సగం మారడమే ప్రమాదం అనిపిస్తుంది.

‘ఎర్రర్! రెఫరెన్స్ సోర్స్ నాట్ ఫౌండ్’ అనే సందేశం చూసి చాలామందికి టెన్షన్ వస్తుంది కానీ, అది నిజాయితీ గల సందేశం. పాఠంలోని ఫీల్డు వెతుకుతున్న బుక్‌మార్కు ఇప్పుడు పత్రంలో లేదు అని అర్థం. క్యాప్షన్‌ను పూర్తిగా చెరిపి మళ్లీ రాసినప్పుడు ఇలా అవుతుంది. కొత్తగా రాసింది అచ్చం పాతదానిలాగే ఉన్నా దాని చుట్టూ పాత బుక్‌మార్కు ఉండదు.

దీనికి పూర్తిగా వేరే తీరు ఇంకొకటి ఉంది. క్యాప్షన్ మొదట్లో కర్సర్ పెట్టి ఎంటర్ కొట్టి, పైన వచ్చిన ఖాళీ లైనులో ఒక పేరా రాశారనుకోండి. దాచిన బుక్‌మార్కు సాగి ఆ పేరాను కూడా తనలో కలుపుకునే అవకాశం ఉంది. ఆ సంగతి అప్పటికి తెలియదు. తర్వాత ఎఫ్9 కొట్టగానే పాఠంలో ‘ఫిగర్ 12’ ఉండాల్సిన ప్రతి చోటా ఆ పేరా మొత్తం వచ్చి కూర్చుంటుంది. చూస్తే ఏదో వైరస్ పట్టినట్టు ఉంటుంది. జరిగింది మాత్రం “బుక్‌మార్కులో ఏముందో చూపించు” అన్న ఆదేశాన్ని వర్డ్ అక్షరాలా పాటించడమే.

టెక్స్ట్ బాక్సుల్లో, ఫుట్‌నోట్లలో ఉన్న ఫీల్డులు ‘మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్9’ పరిధిలోకి రావు. బొమ్మనూ క్యాప్షన్‌నూ కలిపి టెక్స్ట్ బాక్సులో పెట్టే అలవాటున్నవాళ్ల పత్రాల్లో అక్కడక్కడా పాత నంబర్లు మిగిలిపోయేది అందుకే.

లేటెక్: మొదటిసారి ప్రశ్నార్థకాలు, రెండోసారి అంకెలు

లేటెక్‌లో పని ఇంకో రకంగా జరుగుతుంది. బొమ్మ పెట్టే చోట క్యాప్షన్ ఆదేశం, దాని తర్వాత లేబెల్ ఆదేశం రాస్తాం. లేబెల్‌కు ‘కాలువ-కోత’ లాంటి పేరు మనమే పెడతాం. పాఠంలో రెఫ్ ఆదేశం రాసి అదే పేరు ఇస్తాం. కంపైల్ చేస్తే, అంటే రాసిన ఆదేశాల నుంచి పీడీఎఫ్ తయారుచేయిస్తే, అంకె ఉండాల్సిన చోట రెండు ప్రశ్నార్థకాలు పడతాయి. ఇంకోసారి కంపైల్ చేస్తే అంకె వస్తుంది. ఏ మార్పూ చేయకుండా రెండోసారి ఎలా సరైంది అని కొత్తగా నేర్చుకునేవాళ్లు అడగని రోజుండదు.

పత్రాన్ని లేటెక్ మొదటి నుంచి చివరికి ఒక్కసారే చదువుకుంటూ పోతుంది. 3వ పేజీలో ‘కాలువ-కోత’ అనే పేరు కనబడేసరికి ఆ బొమ్మ ఇంకా రాలేదు, అది 40వ పేజీలో ఉంది. కాబట్టి ప్రశ్నార్థకాలు వేసి ముందుకు వెళుతుంది. 40వ పేజీలో బొమ్మ ఎదురైనప్పుడు “కాలువ-కోత అంటే 12, పేజీ 40” అని పక్కన ఒక సహాయక ఫైలులో రాసుకుంటుంది. రెండోసారి మొదలుపెట్టేటప్పుడు ముందుగా ఆ ఫైలు చదువుతుంది. ఇప్పుడు 3వ పేజీలో ఏం వేయాలో తెలుసు.

దీనివల్ల ఒక సంగతి గుర్తుంచుకోవాలి: పాఠంలో కనిపించే నంబరు ఎప్పుడూ కిందటిసారి కంపైల్ చేసినప్పటిది. మధ్యలో బొమ్మ చేర్చి ఒక్కసారే కంపైల్ చేస్తే క్యాప్షన్లలో కొత్త నంబర్లు, పాఠంలో పాత నంబర్లు వస్తాయి. వర్డ్‌లో చూసిన తేడాయే ఇది. అయితే ఇక్కడ “లేబెల్స్ మారి ఉండొచ్చు, మళ్లీ కంపైల్ చేయండి” అన్న హెచ్చరిక లాగ్ అనే నమోదు ఫైలులో వస్తుంది. లాగ్ చదివేవాళ్లు తక్కువ, అది వేరే సంగతి.

మూడోసారి కూడా అవసరమయ్యే సందర్భం ఉంది. పటాల జాబితా ముందు పేజీల్లో ఉంటుంది. కొత్త పటంతో ఆ జాబితా ఒక పేజీ నుంచి రెండో పేజీలోకి పొంగితే వెనకున్న పేజీలన్నీ ఒకటి చొప్పున జరుగుతాయి. జాబితాలోని పేజీ నంబర్లు మళ్లీ తప్పవుతాయి. లేటెక్‌ఎంకే లాంటి సహాయక ప్రోగ్రాములు అంకెలు నిలకడగా వచ్చేదాకా తామే కంపైల్ చేస్తూ పోతాయి. అరుదుగా అవి నిలకడకు రాకపోవచ్చు కూడా. పాఠంలో ఒక బొమ్మ గురించి ‘99వ పేజీ’ అని పడితే లైను సరిపోతుంది. సరిపోవడంతో ఆ బొమ్మ 100వ పేజీకి జరుగుతుంది. 100 అని రాస్తే ఒక అంకె పెరిగి లైన్లు వేరేగా విరిగి, బొమ్మ మళ్లీ 99కి వస్తుంది. ఎన్నిసార్లు కంపైల్ చేసినా అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఒక్క మాట మార్చి రాస్తే ఆగిపోతుంది.

లేటెక్‌లో అన్నిటికంటే మోసపు తప్పు లేబెల్‌ను క్యాప్షన్‌కు ముందు రాయడం. కౌంటర్‌ను ఒకటి పెంచేది క్యాప్షన్ ఆదేశం. లేబెల్ చేసేది “ఇంతకుముందు చివరగా పెరిగిన నంబరు ఏది” అని చూసి దాన్ని పట్టుకోవడం మాత్రమే. క్యాప్షన్ ఇంకా రాకముందే లేబెల్ వస్తే దానికి దొరికేది ఆ సెక్షన్ నంబరు. మూడో అధ్యాయం రెండో సెక్షన్‌లో ఐదో పటం ఉందనుకోండి. పాఠంలో ‘పటం 3.5’ రావాలి, వచ్చేది ‘పటం 3.2’. ప్రశ్నార్థకం లేదు, హెచ్చరిక లేదు. పైగా 3.2 అనే పటం కూడా పుస్తకంలో ఉంటుంది! చదివేవాడు వెళ్లి ఇంకేదో గ్రాఫు చూసి వస్తాడు. అధ్యాయాలవారీ నంబర్లు లేని చిన్న వ్యాసంలో అయితే ‘పటం 4.1’ లాంటిది కనబడగానే తేడా తెలిసిపోతుంది.

మరో సందేహం బొమ్మలు జరిగిపోవడం గురించి. పేజీలో చోటు చూసుకుని లేటెక్ బొమ్మను అదే పేజీలో పైకో కిందకో, తర్వాతి పేజీకో పంపేస్తుంది. అయినా పటాలన్నీ తమలో తాము వరస తప్పవు. పటం 13 ఎప్పుడూ పటం 12 కంటే ముందుకు రాదు. పటాలకూ పట్టికలకూ క్యూలు వేరు కాబట్టి ఒక పట్టిక మాత్రం పటాన్ని దాటి వెళ్లొచ్చు.

మిగతా పనిముట్లలో తేడా ఎక్కువగా పైపైదే. ఫ్రేమ్‌మేకర్‌లో పేరా శైలికే నంబరు సూత్రం అంటించి ఉంటుంది. వేర్వేరు ఫైళ్లుగా ఉన్న అధ్యాయాలను ఒక బుక్ ఫైలు కింద కట్టి ఒకేసారి అప్‌డేట్ చేస్తారు. క్వార్టోలో దాచిన పేరు ముందు అది పటమో పట్టికో తెలిపే చిన్న గుర్తు తప్పనిసరి. సాఫ్ట్‌వేర్ మాన్యువళ్లు రాసే స్ఫింక్స్‌లో పటాల నంబర్లు మొదట ఆఫ్‌లోనే ఉంటాయి. సెట్టింగులో ఆన్ చేసేదాకా నంబర్లు ఎందుకు పడట్లేదో తెలియక వెతుక్కుంటారు.

వరసగా వేయాలా, అధ్యాయాలవారీగానా

ఇది పనిముట్టు ప్రశ్న కాదు, పద్ధతి ప్రశ్న. రెండు పక్షాలకూ గట్టి కారణాలే ఉన్నాయి.

అంతర్జాతీయ ప్రమాణాలు రాసే ఐఎస్ఓ, ఐఈసీల నియమాల ప్రకారం పటాలు 1 నుంచి మొదలై పత్రం పొడవునా వరసగా సాగాలి, క్లాజుల నంబర్లతో సంబంధం ఉండకూడదు. అనుబంధాల్లో మాత్రం ఎ.1, బి.1 అని మళ్లీ మొదలవుతాయి. మన సివిల్ ఇంజినీర్లందరికీ కంఠతా వచ్చిన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456:2000లోనూ అంతే: కాంక్రీటు డిజైన్ షియర్ స్ట్రెంగ్త్ ఇచ్చే టేబుల్ 19, క్లాజు 40 కింద ఉంటుంది. ఈ పద్ధతిలో వెతకడం తేలిక. 18కీ 20కీ మధ్యన ఉంటుందని ఎవరైనా చెప్పగలరు.

థీసిస్‌లు, పాఠ్యపుస్తకాలు, డీపీఆర్‌లు ఎక్కువగా 3.5 తరహా నంబర్లు వాడతాయి. మొదట్లో వేసిన లెక్కను ఈ పద్ధతిలో మళ్లీ వేయండి. ఆ 84 పటాల్లో మూడో అధ్యాయానివి 9 అనుకుందాం, కొత్తది 3.2 తర్వాత వచ్చింది. మారేది 3.3 నుంచి 3.9 దాకా ఏడే. నాలుగో అధ్యాయం దగ్గర అంతా మామూలే. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు రాస్తున్నప్పుడు ఇది పెద్ద వెసులుబాటు. ముందు అధ్యాయంలో ఎన్ని బొమ్మలొస్తాయో తెలిసేదాకా ఎవరూ ఆగక్కర్లేదు.

దీని ఖర్చూ దీనికుంది. 3.10 అనేది 3.9 తర్వాత వస్తుందన్నది దశాంశాలకు అలవాటుపడ్డ కంటికి ఒక్క క్షణం తికమకగా ఉంటుంది. సెక్షన్ 3.2, పటం 3.2, పట్టిక 3.2, సమీకరణం 3.2 అన్నీ ఒకే పేజీలో కలవొచ్చు. అందుకే కొందరు చుక్క బదులు అడ్డగీత వేసి 3-10 అంటారు. వర్డ్ కూడా మొదట ఇచ్చేది అడ్డగీతే. ఇంకోటి, వర్డ్‌లో అధ్యాయం నంబరు హెడింగ్ శైలి నుంచి వస్తుంది. ‘3. పద్ధతులు’ అని అధ్యాయం నంబరును చేత్తో కొట్టుకున్న పత్రంలో అది పనిచేయదు. పటాల నంబర్లు బాగుచేద్దామని కూర్చున్నవాళ్లు ముందుగా హెడింగులు బాగుచేయాల్సి వస్తుంది.

నలుగురు కలిసి రాసేటప్పుడు

ఒక్కరే రాస్తే ఇవన్నీ అలవాటు మీద సర్దుకుంటాయి. నలుగురి ఫైళ్లు కలిపినప్పుడు కొత్తవి బయటపడతాయి.

ఒకరు వర్డ్ ఇచ్చిన ‘ఫిగర్’ అనే లేబెలే వాడారు. ఇంకొకరు అది పొడుగైందని ‘ఫిగ్.’ అని కొత్త లేబెల్ తయారుచేసుకున్నారు. చదివేవాడికి రెండూ ఒకటే. వర్డ్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు కౌంటర్లు. కలిపిన ఫైలులో ఫిగర్ 1 ఒకటి, ఫిగ్. 1 ఇంకొకటి ఉంటాయి. పటాల జాబితా ఒకే లేబెల్‌ను పట్టుకుని తయారవుతుంది కాబట్టి రెండో వ్యక్తి బొమ్మలేవీ అందులో కనబడవు. లేటెక్‌లో ఇదే కథ ఇంకోలా వస్తుంది: ఇద్దరూ తమ బొమ్మకు ‘ఫలితాలు’ అనే పేరే పెడితే ఒకే పేరు రెండుసార్లు వచ్చిందని హెచ్చరించి, ఒకదాని నంబరే రెండు చోట్లా వేస్తుంది.

ట్రాక్ చేంజెస్ (దిద్దుబాట్లను గుర్తులతో చూపించే సదుపాయం) ఆన్‌లో ఉంటే ఇంకో వింత. పటం 7ను ఎవరో తీసేశారు, గీత కొట్టినట్టు కనిపిస్తోంది, అయినా తర్వాతి పటం 8గానే ఉంది. ఆ తొలగింపును అంగీకరించేదాకా పాత క్యాప్షన్ పత్రంలో ఉన్నట్టే. కౌంటర్ దాన్ని కూడా లెక్కపెడుతుంది. ఈ స్థితిలో ఎవరైనా అప్‌డేట్ కొడితే మారిన ప్రతి నంబరూ ఒక్కో సవరణగా నమోదై, అసలు దిద్దుబాట్లు ఆ గుంపులో కనబడకుండా పోతాయి.

ఈ తలనొప్పులన్నీ చూసి “నాలుగు బొమ్మలకు ఇదంతా ఎందుకు, చేత్తో రాసుకుంటే పోలా” అనేవాళ్లను తీసిపారేయలేం. చిన్న వ్యాసంలో వాళ్ల మాటే సరి. జర్నళ్లకు పంపే వ్యాసాల్లో ఎలాగూ ప్రచురణకర్త మళ్లీ అక్షరాలు కూర్పిస్తాడు. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి ఫైలు తిరుగుతూ ఉంటే మధ్యలో ఫీల్డులు మామూలు అక్షరాలుగా మారిపోవచ్చు. అప్పుడు ఆటోమేటిక్ అన్న నమ్మకం తప్ప ఆటోమేషన్ మిగలదు, అది చేతి నంబర్ల కంటే అధ్వానం. పటాలు పదులు దాటి, పత్రం నెలల తరబడి మారుతూ ఉంటే మాత్రం మొదట్లో చూసిన 292 చోట్ల లెక్క ఆ వాదనను నిలబడనివ్వదు.

తెలుగు నివేదికలో విభక్తి గొడవ

తెలుగులో సాంకేతిక నివేదికలు రాసేవాళ్లకు ఇంగ్లిషువాళ్లకు లేని చిక్కు ఒకటుంది. మనం అంకె పక్కనే విభక్తి అంటిస్తాం. అది అంకెను ఎలా చదువుతామన్నదాన్ని బట్టి మారుతుంది. ‘పటం 7కు’ అంటాం, ఏడు ఉకారంతో ముగుస్తుంది కాబట్టి. ‘పటం 8కి’ అంటాం, ఎనిమిది ఇకారంతో ముగుస్తుంది కాబట్టి. అలాగే ‘పట్టిక 7ను’, ‘పట్టిక 8ని’. రెండు నుంచి ఏడు వరకు కు, ను. ఒకటి, ఎనిమిది, తొమ్మిది, పదికి కి, ని. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై కూడా ఈ రెండో గుంపే.

ఇప్పుడు 7 ఉన్న చోట ఫీల్డు పెట్టి, దాని పక్కన ‘కు’ చేత్తో రాశాం. ముందు ఒక పటం చేరింది. అప్‌డేట్ కొడితే ‘పటం 8కు’ అవుతుంది. సాఫ్ట్‌వేర్ అంకెను మార్చింది, విభక్తి జోలికి వెళ్లలేదు. అర్థం చెడదు కానీ తెలుగు చెవికి గుచ్చుకుంటుంది. హంగేరియన్ భాషకు దాదాపు ఇలాంటి సమస్యే ఉంది. నంబరును పలికే తీరును బట్టి దాని ముందు వచ్చే ఆర్టికల్ (ఇంగ్లిషు ‘ది’ లాంటి మాట) మారుతుంది. వాళ్ల కోసం లేటెక్‌లో నంబరు చూసి సరైన ఆర్టికల్‌ను తానే వేసే ఆదేశాలు రాసి పెట్టారు. తెలుగు రాసేవాళ్లు ఎక్కువగా వాక్యం మార్చి బయటపడతారు. ‘లో’కు ఈ బాధ లేదు: ‘పటం 7లో’, ‘పటం 8లో’ రెండూ బాగుంటాయి. లేదా ‘(పటం 7 చూడండి)’ అని కుండలీకరణాల్లో పెడితే విభక్తే అక్కర్లేదు. సెలెక్ట్ చేసేటప్పుడు ‘లో’ పొరపాటున ఫీల్డు లోపలికి పోకుండా ఉంటే చాలు. లోపల ఉంటే తర్వాతి అప్‌డేట్‌లో మాయమవుతుంది.

నంబరు పత్రం దాటి బయటికి వెళ్లాక

ఇప్పటిదాకా నంబరు అంటే మారే స్థానం అన్న లెక్కలోనే మాట్లాడుకున్నాం. అది పత్రం లోపల నిజం. పత్రం అచ్చయి, జనం వాడటం మొదలుపెట్టాక ఆ నంబరే పేరైపోతుంది.

ఐఎస్ 456నే తీసుకోండి. 1978 నాటి ప్రతిలో డిజైన్ షియర్ స్ట్రెంగ్త్ టేబుల్ నంబరు 13. 2000 సవరణలో పట్టికలు పెరిగి అది 19 అయింది. 1980లో వచ్చిన ఎస్‌పీ 16 డిజైన్ ఎయిడ్స్ పుస్తకం మాత్రం పాత కోడ్ ఆధారంగా రాసింది కాబట్టి ‘కోడ్‌లోని టేబుల్ 13’ అనే అంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని డిజైన్ చేసే విద్యార్థి 2000 కోడ్‌లో టేబుల్ 13 తీస్తే అక్కడ వేరే విషయం ఉంటుంది. ఏ ఎఫ్9 కూడా ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి దూరి దిద్దలేదు. ఆటోమేటిక్ నంబరింగ్ హద్దు అక్కడితో అయిపోతుంది.

చట్టాలు రాసేవాళ్లకు ఇది ఎప్పుడో తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగాలు, విద్యలో స్థానికుల అవకాశాల కోసం 1973 నాటి 32వ సవరణతో రాజ్యాంగంలో అధికరణం చేర్చాల్సి వచ్చినప్పుడు దానికి 371డి అని పేరు పెట్టారు. 372 నుంచి చివరిదాకా అన్నిటినీ ఒకటి చొప్పున జరపలేదు. జరిపి ఉంటే అంతకుముందు వచ్చిన తీర్పులన్నీ తప్పుడు నంబర్లతో మిగిలేవి. అన్నిటినీ మార్చేస్తే ఏమవుతుందో 2024 జూలై 1న చూశాం: భారతీయ న్యాయ సంహిత రావడంతో మోసానికి ఐపీసీ 420 పోయి 318(4) వచ్చింది, హత్యకు 302 పోయి 103 వచ్చింది. పోలీసులు, లాయర్లు పాతదానికి కొత్తది ఏదో చూపే పట్టికలు చేతిలో పెట్టుకు తిరిగారు. ‘ఫోర్ ట్వంటీ’ అన్న తిట్టు మాత్రం అప్‌డేట్ కాలేదు.

కాబట్టి నివేదిక తయారీలో ఉన్నంతకాలం నంబర్లను స్వేచ్ఛగా మారనివ్వడం, ఆమోదం పొంది బయటికి వెళ్లాక స్తంభింపజేయడం అనే రెండు దశల పద్ధతి చాలా ఆఫీసుల్లో కనిపిస్తుంది. వర్డ్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్9 ఫీల్డులను మామూలు అక్షరాలుగా మార్చేస్తుంది. ఆ తర్వాత ఏ అప్‌డేట్ వాటిని కదిలించదు, వెనక్కి ఫీల్డులుగానూ మారవు. అందుకే ఆ పని కాపీ తీసుకున్న ఫైలు మీద చేస్తారు. దీనికి ఒప్పుకోనివాళ్ల మాటా విందాం: పీడీఎఫ్ తీసిపెట్టుకుంటే నంబర్లు ఎలాగూ స్తంభించినట్టే, మూల ఫైలును చంపుకోవడం ఎందుకు అంటారు. తర్వాతి ఎడిషన్ వస్తుందని తెలిసిన పుస్తకానికి ఇదే మేలు.

ఆమోదం అయ్యాక కూడా ఒక పటం చేర్చాల్సి వస్తే 371డి దారే ఉంది: పాత 13ను కదపకుండా కొత్తదాన్ని 12ఎ అనడం. దీనికి పనిముట్లలో వీలుంది కానీ మెనూల్లో కనబడదు. వర్డ్ సీక్వెన్స్ ఫీల్డుకు ‘సి’ అనే స్విచ్ తగిలిస్తే అది లెక్క పెంచకుండా ముందు వచ్చిన 12నే మళ్లీ చూపిస్తుంది. పక్కన ‘ఎ’ చేత్తో రాసుకోవాలి. తర్వాతి పటం మామూలుగా 13గానే ఉంటుంది. పాఠంలోని రెఫరెన్సులో ఆ ‘ఎ’ కూడా రావాలంటే ‘12ఎ’ మొత్తానికి బుక్‌మార్కు మనమే పెట్టుకోవడం నమ్మకమైన దారి. లేటెక్‌లో అయితే ఆ ఒక్క పటం లోపల నంబరు కనిపించే రూపాన్ని ‘12ఎ’గా మార్చి, అది అయిపోగానే కౌంటర్‌ను ఒకటి తగ్గిస్తారు. అక్కడ లేబెల్ ‘12ఎ’నే పట్టుకుంటుంది, పటాల జాబితాలోనూ అలాగే పడుతుంది.